చుక్కపెయ్యకు కమ్మ పెట్టినాయన

సాత్తూరు దాటి ఇంకా రెండు మైళ్ళు పోలేదు, బస్సు ఆగిపోయింది. ముందు అద్దంలోంచి చూస్తే రోడ్డు మధ్యలో ఒక పెయ్య నిలబడి ఉంది. ఎర్రటి నాటు పెయ్య, నుదుట వేలిముద్రంత తెల్లచుక్క. పక్కన ఒక బుల్లి సరుకుల వ్యాను వెనక చక్రం ఊడి, మోకాలు విరిగిన దున్నలా ఒక వైపుకు ఒరిగిపోయి ఉంది. దాన్లోంచే దించినట్టున్నారు. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, తెల్లటి గుడ్డబూట్లు తొడుక్కున్న ఒక పెద్దమనిషి పలుపు పట్టుకుని ఉన్నాడు. లాగడు, కొట్టడు. హారన్ల మోతలో దాని మెడ దగ్గరికి వంగి, "దా చుక్కా, దా. ఈడ నిలిస్తే అందరికీ అడ్డం గదా. దా," అంటున్నాడు.

నేను టిక్కెట్టు తీసుకున్నది విరుదునగరుకు. అక్కడ నాకు పనేమీ లేదు. అంతకు ముందు కోవిల్‌పట్టిలో ఉన్నాను, అక్కడా ఏ పనీ లేదు. సంచీ తీసుకుని దిగిపోయాను. కండక్టరు వెనకనుంచి "పెద్దాయనా, విరుదునగరు ఇంకా రాలేదు" అని తమిళంలో అరిచాడు. వస్తే ఉండమను అన్నాను తెలుగులో. అతనికి అర్థమైనట్టే నవ్వాడు.

ఈ నల్లరేగడి పల్లెల్లో తెలుగు ఇంట్లో ఉంటుంది, వీధిలో ఉండదు. అంగళ్ళలో, బస్సుల్లో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో అందరూ తమిళమే మాట్లాడతారు. గడప దగ్గర చెప్పులతో పాటు తమిళాన్నీ విడిచి లోపలికి పోతారు. బడిలో ఎవరూ నేర్పని తెలుగు, చాలామందికి అక్షరం కూడా తెలియని తెలుగు. మన పెద్దవాళ్ళ నోట కూడా వినపడడం మానేసిన మాటలు అందులో ఇంకా బతికే ఉన్నాయి. ఒక్క పశువులతో మాత్రం నడివీధిలో అయినా తెలుగే మాట్లాడతారు. ఎద్దుకు తమిళం చెబితే వినదని ఒకాయన చాలా ఏళ్ళ కిందట నాతో వాదించాడు. నేనూ గట్టిగా కాదనలేకపోయాను.

పెయ్య మెల్లగా రోడ్డు దిగింది. బస్సు వెళ్ళిపోయింది.

వ్యాను డ్రైవరు తంగపాండి ఊడిన చక్రాన్ని తిట్టడం అయిపోయి, పెద్దమనిషి మీదికి తిరిగాడు. "నేవీ అయ్యా, ఓడలో తిరిగినోళ్ళు బండి ఎక్కితే బండి మునుగుతాదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. నేనే వినలేదు."

"ఓడ మునిగితే కప్తాను ఆకరున దిగల్ల. నువ్వు ముందే దూకేస్తివి గదా," అన్నాడు ఆయన. నవ్వలేదు. ముఖంలో ఏమీ కదలలేదు. నవ్వించే మాట అని తెలిసి అన్నాడో, పాత అలవాటుగా నోటికి వచ్చిందో చెప్పలేను.

"పొద్దు వంగేలోపల పోవల్ల నేను. నడిచే పోతా. నువ్వు చక్రం బిగించుకొని ఆ ఊరి మలుపు కాడికి వచ్చేయి."

"నడిచా? ఈ ఎండలోనా? ఈ పెయ్య మిమ్మల్ని నడిపిస్తాదా, మీరు పెయ్యనా?"

"ఎవరో ఒగరు నడిపిస్తారులే."

నేనూ అటే వస్తానన్నాను. యాడికి, ఎందుకు అని ఆయన అడగలేదు. "రాండన్నా" అన్నాడు, అంతే. అలా ముగ్గురం బయలుదేరాం. ముందు పెయ్య, పక్కన ఆయన, వెనక నేను.

ఆయన పేరు నల్లసామి. కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే దోవలో ఒక పల్లె. తాతల నాటి రేగడి పొలం, పత్తి, మిరప, సజ్జ. వాన పడితే పంట, పడకపోతే పొలం నిండా కాలు దూరేంత నెర్రెలు. ఆ నెర్రెల్ని చూస్తూ పెరిగిన కుర్రాడు పద్దెనిమిదేళ్ళకు నావికాదళంలో చేరాడు. నీళ్ళంటే ఏమిటో చూద్దామని పోయి ఉంటారని నేను అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళ కోసరం కాదన్నా. అన్నం కోసరం. మూడు పూటలా తెల్లన్నం పెడతారని మునుసామి మామ చెప్పినాడు. మేము అప్పుడు సజ్జల కంబంగూడు తినేటోళ్ళం. ఓడలోకి పోయినాక తెలిసింది, అలలో తిన్నదంతా బయటికి వచ్చేస్తాదని."

డెక్కు మీది పని ఆయనది. తాళ్ళు, లంగరు, రంగులు వేయడం, ఉప్పునీళ్ళతో నేల కడగడం. ముంబయి, కొచ్చి, వైజాగు. పదిహేనేళ్ళు అలా గడిచాయి. నేను సముద్రం గురించి చదివింది చాలా ఉంది. ముత్యాల గురించి, దీపస్తంభాల గురించి, దిక్సూచి ఎలా పుట్టిందన్న సంగతి గురించి అడగబోయాను. ఆయనకు వాటి మీద ఏమీ ఆసక్తి లేదు. ఆయన చెప్పాలనుకున్నది నంబరు గురించి.

"తమిళోళ్ళు నన్ను తెలుగోడంటారు. వైజాగులో దిగితే తెలుగోళ్ళు, నీది యే ఊరి తెలుగు, నువ్వు అరవోడివి అంటారు. ఓడలో ఆ తగువే లేదు. నంబరు. పిలిచేది నంబరు, కూడు పెట్టేది నంబరు, సముద్రంలో పడిపోతే వెతికేది గూడా నంబరు పట్టుకొనే. నంబరు లేనోడు ఉండాడో లేడో ఎవురికి తెలుసు? నాకు అది శానా బాగుండె అన్నా. మనిషికి ఒగ లెక్క ఉండల్ల. ఉంటే ఎవురో ఒగరు వెతుకుతారు."

ఇలా ఆయన చెబుతున్నంతసేపూ గొంతు ఒకే ఎత్తులో ఉంది. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు ఉంటుందే, అలాంటిది.

నేవీ నుంచి వచ్చాక పత్తి వద్దనుకుని పాలవ్యాపారంలోకి దిగాడు. జెర్సీ ఆవులు తెచ్చాడు. కొట్టాన్ని ఓడ డెక్కులాగే పొద్దునా సాయంత్రమూ చీపురుతో, బ్రష్షుతో కడిగేవాడు. గోడకు బూడిదరంగు వేసి, ఒక్కో ఆవు నిలిచేచోట ఒక్కో అంకె రాశాడు. ఊళ్ళో వాళ్ళు కొట్టం చూడ్డానికి వచ్చి, "నల్లసామీ, మీ ఆవులు పొద్దున్నే లేచి సెల్యూటు కొడతాయా?" అని ఎగతాళి చేసేవాళ్ళట. కానీ కోవిల్‌పట్టికి పోయే పాలలో ఆయన పాలకు ఎప్పుడూ వంక లేదు.

ఆయన భార్య రంగమ్మాళ్. ఆమెకు అంకెలు నచ్చవు. ఆయన చూడనప్పుడు ఒక్కో ఆవుకూ ఒక్కో పేరు పెట్టింది. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఆ పేర్లతో పిలిస్తే అవి వరసగా వచ్చి తమ తమ చోట్లలో నిలబడేవి. వచ్చేది అంకె ప్రకారమే అని ఈయన అనుకునేవాడు.

"ఆమె పోయినాక నేను గేటు కాడ నిలబడి పిలిస్తే ఒగటీ రాలేదు. ఒగటి రెండు పేర్లు నాకు తెలుసు. తక్కినవాటికి ఏం పేర్లు పెట్టిందో తెలీదు. అడిగితే అవి చెప్పవు గదా."

రోడ్డుకు రెండు వైపులా చెట్లు లేవు. నాలుగు వరసల రోడ్డు వేసినప్పుడు కొట్టేశారు. ఒకప్పుడు మదురై నుంచి తిరునెల్వేలి దాకా ఈ దారి పొడవునా చింతచెట్ల నీడ ఉండేది. ఎడ్లబండ్లవాళ్ళు నిద్రపోతూ ప్రయాణం చేసేవాళ్ళు, ఎడ్లకు దారి తెలుసు కనుక. ఇప్పుడు నిద్రపోయేవాడికి పక్కనే ఆస్పత్రి బోర్డులున్నాయి. పెయ్య ఆగి, రోడ్డు గట్టున ఉన్న గడ్డిపరక ఒకటి పీకి నమిలింది. అప్పుడు చూశాను దాని కుడిచెవి. మధ్యలో గుండ్రటి తూటు. ఎండ అందులోంచి దాని మెడ మీద పడుతోంది.

"ఏం తగిలింది?"

"కమ్మ పెట్టినాను," అన్నాడు ఆయన.

ఆ తర్వాత చెప్పినదంతా ఆ తూటు గురించే. మధ్యలో నేను అడ్డం పడకుండా ఉంటే ఇంకా తొందరగా అయిపోయేది.

పెళ్ళప్పుడు రంగమ్మాళ్‌కు పుట్టింటివాళ్ళు ఒక చిన్న ఎర్రటి నాటు ఆవును తోలారు. చెంబెడు పాలిచ్చే ఆవు. జెర్సీలు వచ్చాక కూడా ఆమె ఆ ఆవునూ, దాని సంతతినీ కొట్టంలో ఒక మూలన ఉంచుకుంది. ఆ పాలను పాలసేకరణ కేంద్రానికి పోనిచ్చేది కాదు. ఈయన ప్రతి ఎండాకాలం గొణుక్కునేవాడు, చెంబెడు పాలకు బండెడు మేతా అని. ఆమె జవాబు చెప్పేది కాదు.

కారణం ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక, ఈ చుక్కపెయ్య పుట్టిన రోజున చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఒక తుపానులో ఈయన ఓడ చిక్కుకుంది. ఊరికి ఏ కబురూ లేదు. రేడియోలో మాత్రం తుపాను సంగతి చెబుతూనే ఉన్నారు. అప్పుడు ఆమె మొక్కుకుంది. మనిషి ఇల్లు చేరితే, అమ్మ ఇచ్చిన ఆవు కడుపున నుదుట చుక్కతో పుట్టే పెయ్యను దేవుడి మందకు తోలుతానని.

"మనిషి ఇల్లు చేరినాడు. చుక్క పుట్టలేదు. ఎర్రవి పుట్టె, నల్లవి పుట్టె, కోడెలు పుట్టె. చుక్క లేదు. 'ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?' అని అడిగితిని. ఏమనింది తెలుసునా? 'చెప్తే నువ్వు సంతకు పోయి చుక్క ఉండే పెయ్యను ఒగటి కొనుక్కొచ్చి లెక్క సరిచేసేస్తావు' అనింది. నిజమే అన్నా. అదే చేసుంటాను."

దేవుడి మంద అంటే వీళ్ళ కులంవాళ్ళ ఊళ్ళలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. తమిళంలో తంబిరాన్ మాడు అంటారు. ఆ ఆవుల పాలు ఎవరూ పితకరు, దూడలే తాగాలి. వాటిని కట్టరు, అమ్మరు. చనిపోతే ఇంటి మనిషికి చేసినట్టే మేళంతో మోసుకుపోయి పూడుస్తారు. ఏదో రాజు బెడద పడలేక వీళ్ళ పూర్వులు ఆవుల్ని తోలుకుని ఉత్తరాన్నుంచి వచ్చారనీ, ఏరు పొంగి అడ్డం వస్తే గట్టు మీది కానుగచెట్టు వంగి వంతెన అయిందనీ, దాని మీద ముందు ఆవులు దాటాక వెనక మనుషులు దాటారనీ చెప్పుకుంటారు. ఈ కథ నాకు ఇష్టం. మనిషి కంటే ముందు పశువును నడిపించిన కథలు లోకంలో ఎక్కువ లేవు. ఆ మాటే అన్నాను.

"చెట్టు వంగితే దాని మీద ఆవు నడవదన్నా. కాలు జారతాది," అన్నాడు నల్లసామి. "డెక్కు మీద పనిచేసినోణ్ణి, చెప్తా ఉండా. ఈదే దాటుంటాయి."

దేవుడికిచ్చే పెయ్యకు ఒంటి మీద మనిషి పెట్టిన గుర్తు ఉండకూడదు. వాత ఉండకూడదు, చెవి కోసి ఉండకూడదు. చుక్క పుట్టిన మరుక్షణం రంగమ్మాళ్ చెప్పిన రెండో మాట అది. "దీని చెవి ముట్టగూడదు. నువ్వు నీ నంబరు పిచ్చితో పోవద్దు."

అప్పటికే ఆమెకు ఒంట్లో బాగాలేదు. కొన్నాళ్ళకు విరుదునగరులో ఆస్పత్రిలో పడుకోబెట్టారు. దగ్గర కూతురు శివరంజని ఉంది. ఈయన పాలు పితకడానికి ఊరికి, ఆమెను చూడడానికి విరుదునగరుకు తిరుగుతున్నాడు. ఆ రోజుల్లోనే పక్కూళ్ళో ఆవులకు గాలికుంటు వచ్చింది. నోటి నిండా నురుగు, గిట్టల్లో పుండ్లు. దూడలు చనిపోతున్నాయన్నారు. టీకా వేసేవాళ్ళు వచ్చారు. వేసిన ప్రతి పశువుకూ చెవికి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ కుట్టాలి, దాని మీద నంబరు. ఊరి ఆడవాళ్ళు దాన్నే కమ్మ అంటారు. కమ్మ లేకపోతే టీకా లేదు.

"నాకు అది న్యాయంగానే ఉండె. నంబరు లేనిదానికి రేషను ఎట్లిస్తారు? జెర్సీలన్నిటికీ కుట్టినారు. కడాన చుక్క కాడికి వచ్చినారు."

"రంగమ్మాళ్ గారి మాట గుర్తు రాలేదా?"

"వచ్చింది. ఎందుకు రాదు? చచ్చిపోయిన పెయ్యను దేవుడికెట్ల ఇస్తాం అనుకొంటిని. ముందు ఇది బతకనీ, మొక్కు తరువాత చూస్తాం అని. అది తలకాయ ఊపతా ఉంటే నేనే గట్టిగా పట్టుకొంటిని. టక్కుమనింది. ఒగ బొట్టు రగతం వచ్చింది. అంతే."

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాడు. ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, చుక్క ఎట్లుండాది? బాగుండాది అన్నాడు. చెవి? చెవి అట్లే ఉండాది అన్నాడు.

"సరి అనింది. కండ్లు మూసుకొనింది. ఆ వారమే పోయింది."

నేను ఏదో అనబోయాను. ఇలాంటప్పుడు అనడానికి నా దగ్గర చాలా వాక్యాలున్నాయి, చదివినవీ విన్నవీ. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఓదార్పు అవసరమైన ముఖం కాదది. అందులో ఎవరూ లేరు.

"ఏడుపు రాలేదన్నా. ఊరంతా చూస్తా ఉంటిరి, నేవీకారుడు ఏడుస్తాడా లేదా అని. శివరంజని గూడా నన్నే చూస్తా ఉండె. రాలేదు. ఇప్పటికీ రాలేదు. చలికాలం పొద్దున్నే తడి తాళ్ళు లాగితే చేతులు మొద్దుబారిపోతాయి. కత్తి తెగినా తెలీదు, డెక్కు మీద రగతం చూసి, ఇది ఎవురిది అనుకొంటాం. అట్లుండాది. చేయి అయితే వేన్నీళ్ళలో పెడతాం."

పెయ్యకు ఏడాది దాటింది. ఎద్దును చేరేలోపలే దేవుడి మందకు తోలాలి. బిళ్ళను కత్తిరించి తీసేశాడు. తూటు మిగిలింది. రంగమ్మాళ్ పుట్టింటి ఊరి మందకు తోలుకుపోయాడు. అక్కడి పెద్ద చెవి పట్టుకుని చూసి, నేల మీది జొన్నపుల్ల ఒకటి తీసి, ఆ తూటులోంచి ఇటు దూర్చి అటు లాగి, నల్లసామి చేతిలో పెట్టాడు. పెయ్యను వెనక్కి తోలుకుపొమ్మని చేయి చూపాడు. ఇంటికి తిరిగొస్తే కూతురు, "నాయనా, సంతలో చుక్క ఉండే పెయ్య దొరకదా ఏం? ఒగటి కొని తోలేస్తే అయిపోతాది గదా," అంది.

"నా కూతురే," అన్నాడు ఆయన.

తరువాత ఎవరో చెప్పారు, విరుదునగరు చేరకముందే తూర్పుకు తిరిగే మట్టిరోడ్డులో ఒక పల్లె ఉంది, అక్కడ మందను చూసుకునే గోపాలసామి తనంతట తాను ఏదీ తేల్చడు, ఆవులకే వదిలేస్తాడు అని. ఇప్పుడు పోతున్నది అక్కడికి. ఇక్కడా కాదంటే ఇంకో మంద ఆయనకు తెలియదు.

మేము చేరేసరికి ఎండ తగ్గింది. ఊరికి ఎడంగా, తుమ్మకంప చుట్టూ వేసిన పెద్ద దొడ్డి ఉంది. పక్కన తాటాకు పంచలో ఒక ముసలామె వేరుశనగకాయలు వలుస్తోంది. గోపాలసామి అక్క, సెల్లత్తాయి. మమ్మల్నీ, పెయ్యనూ, చివరికి నల్లసామి బూట్లనూ చూసింది.

"ఎవురది, పోలీసా?"

నల్లసామి ఊరూ పేరూ చెప్పాడు. ఆమె అంతటితో ఊరుకోలేదు. భార్య ఏ ఊరి పిల్ల, ఏ ఇంటిది, వాళ్ళ అవ్వ ఎవరి కూతురు అని కాయలు వలుస్తూనే తవ్వింది. చివరికి ఏదో వేరు చేతికి తగిలింది.

"అట్లయితే రంగమ్మాళ్ నాకు చెల్లెలు వరస. నువ్వు మరిదివి. ఏం మరిదీ, చెల్లెలి చెవికి కమ్మలు చేయించినావో లేదో, పెయ్యకు మాత్రం పెట్టినావే!"

కబురు ఆయన కంటే ముందే వచ్చిందన్నమాట. నల్లసామి తల వంచుకుని, "పెట్టినా" అన్నాడు.

"ఎందుకు పెట్టినావు?"

"చచ్చిపోతాదని."

"చావలేదు గదా?"

"చావలేదు."

"మరి ముఖం అట్ల పెట్టుకొన్నావెందుకు? కూర్చో. నీళ్ళు తాగు. నువ్వెవురు?" ఇది నన్ను.

"దారిన పోయేవాణ్ణి."

"దోవ అట్ల ఉండాది," అని రోడ్డు వైపు గడ్డం చూపించి, నాకూ చెంబు ఇచ్చింది.

కాసేపటికి దుమ్ము లేచింది. గోపాలసామి మందను తోలుకొస్తున్నాడు. తోలుతున్నాడనడం తప్పు, వాటి వెనకాల నడుస్తున్నాడు. బక్కపలచని మనిషి, చేతిలో కర్ర లేదు. విషయం విన్నాడు. చెవిని చూడలేదు.

"నేను కాదనేటోణ్ణి కాదు, ఔననేటోణ్ణీ కాదు. దొడ్డి వాకిలి కాడ పలుపు తీసేయండి. ఆవులు లోపలికి పోతాయి. ఇది గూడా దానంతట అదే పోతే దేవుడిది. కుమ్మి తరిమినా, పోకున్నా మీది. ఎవురూ తోయగూడదు, పిలవగూడదు. అంతే."

నల్లసామి పలుపు విప్పి వెనక్కు జరిగాడు. ఆవులు ఒక్కొక్కటే లోపలికి పోతున్నాయి. పెయ్య వాటిని చూసింది. తిరిగి నల్లసామిని చూసింది. నాలుగడుగులు వేసి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దొడ్డి అవతలి వైపుకు పోయాడు. అదీ పోయింది. పంచ వెనక నక్కాడు. అది పంచ చుట్టూ తిరిగి ఆయన చొక్కా అంచు నోట పట్టుకుంది. తల్లి దగ్గర పాలు చాలక ఆయనే సీసాతో తాపి పెంచిన పెయ్య. చివరి ఆవులు నాలుగైదు మాత్రమే ఇంకా బయట ఉన్నాయి.

సెల్లత్తాయి పొట్టు దులుపుకుని లేచింది. "ఏం మరిదీ, దాన్ని ఇచ్చేదానికి వచ్చినావా, దాంతో దాగుడుమూతలు ఆడేదానికి వచ్చినావా? నువ్వు ఉండేంతవరకూ అది లోపలికి పోదు."

"ఏం చేయల్ల వదినా?"

"పో. దానికి కండ్ల కంటే చెవులు బాగా పనిచేస్తాయి. నీ గొంతు విని పెరిగింది. ఒగ మాట మాట్లాడొద్దు. పోయొస్తానని గూడా అనొద్దు. పో."

నల్లసామి ఆమెను చూశాడు. తరువాత పెయ్యను దొడ్డి వాకిలి దాకా, పలుపు లేకుండా, పక్కన నడుస్తూ తీసుకొచ్చాడు. దాని కుడిచెవిని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు ఆ తూటు మీద పెట్టి మూశాడు. వేలు తీశాడు.

ఆ తర్వాత నేల మీద కూర్చుని బూట్లు విప్పాడు. ఎందుకో నాకు మొదట తెలియలేదు. ఆ మట్టిరోడ్డు మీద గులకరాళ్ళున్నాయి, బూట్లతో నడిస్తే కరకరమంటాయి. రెండు బూట్లూ చేత్తో పట్టుకున్నాడు. పలుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. పశువును ఇచ్చినవాడు పలుపు ఇవ్వడు, మన వైపూ అంతే. లేచాడు. నా వైపు ఒకసారి చూశాడు, చెంబునో గోడనో చూసినట్టే. తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

పెయ్య తల ఎత్తింది. చెవులు రెండూ ముందుకు చాచింది. సెల్లత్తాయి, గోపాలసామి, నేను ముగ్గురం రాళ్ళలా ఉన్నాం. చివర వస్తున్న ముసలి ఆవు ఒకటి, కొమ్ము విరిగినది, దాని పక్కకు వచ్చి ఆగింది. వాసన చూసింది. కుమ్ముతుందేమో అనుకున్నాను. నాలుక చాచి, ఆ కుడిచెవిని అడుగు నుంచి కొసదాకా నాకింది. మళ్ళీ నాకింది. పెయ్య కదలకుండా నిలబడి నాకించుకుంది. ముసలి ఆవు లోపలికి నడిచింది. పెయ్య రోడ్డు వైపు ఒకసారి చూసి, దాని వెనక లోపలికి పోయింది.

గోపాలసామి కంప లాగి వాకిలి మూశాడు.

పోయింది, లోపలికి పోయింది అని గట్టిగా అరవాలని నోరు తెరిచాను. సెల్లత్తాయి చేయి అడ్డం పెట్టింది. అవును, ఇప్పుడే అరిస్తే అది మళ్ళీ తల ఎత్తుతుంది. నోరు మూసుకున్నాను.

నల్లసామి అప్పటికే చాలా దూరం పోయాడు. మలుపు దగ్గర తంగపాండి వ్యాను వచ్చి నిలబడి ఉంది, నాలుగు చక్రాల మీదా. ఆయన తొందరగా నడవడం లేదు, మెల్లగానూ నడవడం లేదు. గులకరాళ్ళ మీద ఉత్తకాళ్ళతో, చేతిలో బూట్లతో, వెనక్కి తిరిగి చూడకుండా నడుచుకుంటూ పోతున్నాడు.